పొలంలో తడి ఉన్నా పైరు ఎందుకు వాడుతుంది?

చౌడు భూములలో మట్టి తడిగానే ఉన్నా పైరు వడలిపోవడం తీరప్రాంత రైతాంగానికి అనుభవపూర్వకమే. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమ పొలాలను సముద్రపు నీరు ముంచెత్తినది. ఉప్పు చేరిన ఇటువంటి నేలలలో నీరు లేకపోవడం కన్నా, ఉన్న నీరు వేరుకు అందకపోవడమే ప్రధాన సమస్య.

నీరు ఏ దిశగా కదులుతుందో తెలిపే కొలతను వృక్షశాస్త్రంలో 'నీటి శక్మం' అంటారు. స్వచ్ఛమైన నీటి శక్మం సున్నా. అందులో లవణాలు, చక్కెరలు కరిగిన కొలదీ అది సున్నా కన్నా తగ్గుతుంది. శక్మం ఎక్కువగా ఉన్న చోటు నుండి తక్కువగా ఉన్న చోటుకు నీరు కణత్వచం గుండా ప్రవేశించడమే ద్రవాభిసరణ. సాధారణ నేలలో కణరసం శక్మం నేలనీటి కన్నా తక్కువ కావున మూలకేశాలు నీటిని గ్రహిస్తాయి. ఆ నీరు కణకవచాన్ని లోపలి నుండి నొక్కడం వలన ఆకులు, లేత కాండాలు బిగువుగా నిలుస్తాయి.

నేలనీటిలో ఉప్పు పెరిగితే ఈ తేడా తగ్గుతుంది. మరీ పెరిగితే కణాల నుండే నీరు బయటకు వస్తుంది. ఉప్పు కలిపిన నిమ్మ ముక్కల నుండి ఊట దిగడానికి కారణమూ ఇదే. నేలనీటి శక్మం సుమారు మైనస్ 15 బార్లకు చేరితే అధిక పైర్లు తిరిగి కోలుకోలేవు. సముద్రపు నీటి శక్మం సుమారు మైనస్ 25 బార్లు.

కావున రైతులు ఈ క్రింది విషయాలను గమనించవలెను:

- పాల చౌడు భూములలో మంచినీరు నిలగట్టి, ఉప్పును కరిగించి, మురుగు కాలువల ద్వారా బయటకు పంపవలెను. మురుగు పోయే దారి లేనిదే ఫలితం ఉండదు. జిప్సం అవసరమయ్యేది కారు చౌడుకు మాత్రమే.
- నేలలో నీరు సగానికి ఆరితే మిగిలిన నీటిలో ఉప్పు గాఢత దాదాపు రెట్టింపవుతుంది. అందువలన బెట్టకు రానీయక తక్కువ వ్యవధిలో తడులు ఇవ్వవలెను.
- వరి నారు దశలోను, పూత దశలోను ఉప్పును తట్టుకోలేదు. ఆ దశలలో మంచినీరు అందేలా చూడవలెను.
- ఎరువును మొక్క మొదలుకు ఆనించి కుప్పగా వేయరాదు. పైపాటుగా యూరియాను లీటరు నీటికి 20 గ్రాములకు మించకుండా పిచికారీ చేయవలెను. గాఢత మించితే ఆకులు మాడిపోతాయి.

భూసార పరీక్షతో చౌడు రకాన్ని ముందుగా నిర్ధారించుకొన్న రైతు నీటిని, పెట్టుబడిని రెండింటినీ ఆదా చేసుకోగలడు.