రక్తములో మందు ఎంత?

ఒకే మందును ఒకే మోతాదులో సేవించిన ఇద్దరు రోగుల రక్తములో అది సమానముగా నుండునని చెప్ప వీలులేదు. మందును ప్రేగులు గ్రహించుట, కాలేయము మార్చుట, మూత్రపిండములు విసర్జించుట మనిషి మనిషికి భిన్నముగా జరుగును. వయస్సు, బరువు, ఇతర వ్యాధులు, తోడుగా వాడు మందులు ఇందుకు కారణములు.

పెక్కు మందుల విషయమున దీనివలన చిక్కు లేదు. రక్తపు పోటు తగ్గినదో లేదో కొలిచి చూచిన చాలును. కాని కొన్ని మందులలో మేలు చేయు పరిమాణమునకును, హాని చేయు పరిమాణమునకును నడుమ ఎడము మిక్కిలి స్వల్పము. మూర్ఛకు వాడు ఫెనిటాయిన్, కొన్ని మనోవ్యాధులకు వాడు లిథియం, తీవ్రమైన అంటురోగములందు సూది ద్వారా ఇచ్చు జెంటామైసిన్ ఇట్టివి. అందుచే ఆసుపత్రులలో రోగి రక్తమును తీసి, అందలి మందును కొలుతురు.

ఫెనిటాయిన్ చూపిన పాఠము

ఒక మిల్లీలీటరు రక్తరసములో ఫెనిటాయిన్ సాధారణముగా 10 మొదలు 20 మైక్రోగ్రాముల వరకు ఉండవలెను. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. ఇది తగ్గినచో మూర్ఛలు మరల రావచ్చును. మించినచో కనుగ్రుడ్లు అదరుట, నడక తూలుట, మగత కలుగవచ్చును. కాలేయము ఈ మందును ఒక హద్దు వరకే మార్చగలదు. ఆ హద్దు చేరిన పిదప మోతాదును కొంచెము పెంచినను రక్తములో మందు చాల హెచ్చును.

1968లో ఆస్ట్రేలియాలో ఈ మందు క్యాప్సూళ్ళలో కలుపు పొడిని మార్చి, కాల్షియం సల్ఫేటునకు బదులు లాక్టోజును వాడిరి. మోతాదు మారలేదు. అయినను మందు మునుపటికంటె అధికముగా రక్తమున చేరి, పలువురు రోగులకు విషలక్షణములు కలిగెను. రక్తమును పరీక్షింపగా మందు మితిమీరి యున్నట్లు తేలెను.

వేళ తప్పరాదు

మందు సేవించిన పిదప రక్తములో దాని పరిమాణము పెరిగి, క్రమముగా తగ్గును. కావున రక్తము తీయు వేళకు నియమము కలదు. లిథియం విషయమున చివరి మోతాదు తీసికొనిన 12 గంటలకు తీయుదురు. జెంటామైసిన్ దేహములో నిలిచిపోయినచో మూత్రపిండములకు, వినికిడికి చేటు కలుగును. అది తగినంత తగ్గినదో లేదో తెలియుటకు తరువాతి మోతాదునకు ముందు పరీక్షింతురు.

రోగియు, బంధువులును చేయవలసినది

చివరి మోతాదు ఏ గంటకు తీసికొనినదియు, ఏ దినమున మందు మానినదియు ఉన్నదున్నట్లు చెప్పవలెను. వైద్యుడు కోపగించునని దాచుట ప్రమాదకరము. మాత్రలు మానుటచే రక్తములో మందు తగ్గినదని ఎరుగక మోతాదును పెంచినచో, తరువాత వానిని తప్పక మ్రింగిన రోగికి అదియే విషము కాగలదు. లిథియం వాడువారు వాంతులు, విరేచనములు కలిగినపుడు వెంటనే వైద్యునకు తెలుపవలెను. దేహమున నీరు తగ్గినచో రక్తములో ఆ మందు హెచ్చును. నాటువైద్యుని మందులు వాడుచున్నను చెప్పవలెను.

పరీక్షలో వచ్చిన అంకెను మాత్రమే చూచి ఎవరును తమంతట తాము మందును పెంచరాదు, మానరాదు. ఆ అంకెను రోగి స్థితితో పోల్చి మోతాదును నిర్ణయించుట వైద్యుని పని. ఆ నిర్ణయము సరిగా నుండుటకు వలసిన నిజమును చెప్పుట రోగి పని.