రాజా దీన్‌దయాళ్: కొలత తెలిసిన కెమెరా

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ఖైరతాబాద్ వైపు వెళ్తే పంజాగుట్ట తరువాత ఎర్రమంజిల్ స్టేషన్ వస్తుంది. అది నవాబు ఫక్రుల్ ముల్క్ భవనం పేరు. కొత్త శాసనసభ కోసం దాన్ని కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసింది. అలా దక్కని కట్టడాలు ఎన్నో! వాటిని చూడాలంటే పాత ఫోటోలే దిక్కు. నిజాం కాలపు హైదరాబాద్ విషయంలో వాటిలో చాలా భాగం రాజా దీన్‌దయాళ్ (1844-1905), ఆయన స్టూడియో తీసినవే.

మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివిన దీన్‌దయాళ్ ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో నక్షాలు గీసేవారు. ఫోటోల్లోనూ ఆ అలవాటు పోలేదు. కొన్ని చిత్రాల్లో కట్టడం పక్కన ఒక మనిషి నిలబడి ఉంటాడు, గమనించండి. అతన్ని బట్టి గోడ ఎత్తు అంచనా వేయవచ్చు.

ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా నియమించి ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చారు. దర్బారు, వేట చిత్రాలు పేరు తెచ్చాయి. నా దృష్టిలో మాత్రం 1899-1900 నాటి కరువు సహాయ చిత్రాలు అంతకన్నా విలువైనవి. తీయించింది పాలకులే, తమ సాయం చూపించుకోవడానికే. అయినా బక్కచిక్కిన దేహాలు వాటిలో దాగలేదు.

ఈసారి ఎర్రమంజిల్‌లో దిగినప్పుడు భవనం ముందు ఒక మిత్రుణ్ణి నిలబెట్టి ఫోటో తీసి చూడండి.