రంగులరాట్నమా? పలకరింపా?

తిరునాళ్ళకు వెళ్ళివచ్చిన పిల్లలను "ఏం చూశారురా?" అని అడిగి చూడండి. ఒకడు "రంగులరాట్నం ఎక్కాను" అంటాడు. మరొకడు "పులివేషం వాడు నా బుగ్గ గిల్లాడు" అంటాడు. ఒకడికి తాను ఎక్కినది గుర్తు. మరొకడికి తనను పలకరించినవాడు గుర్తు. ఈ రెండింటిలో ఏది గొప్ప అని మన ఊళ్ళో ఎవరూ పంచాయితీ పెట్టరు. కాని అమెరికా దేశంలో ఇదే విషయం మీద పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నారంటే నమ్ముతారా?

ఈ సంగతి నాకు మొదట చెప్పినది మా సంఘపెద్ద ఒకాయన. కోడలి పురిటికని భార్యతో కలిసి ఫ్లోరిడా వెళ్ళి, కొన్ని నెలలుండి వచ్చారు. కుమారుడు వారిని ఓర్లాండో పట్టణం దగ్గర ఉన్న డిస్నీ పార్కుకు తీసికొనిపోయాడట.

"అయ్యగారూ, అక్కడ ఎక్కడానికి ఎన్నో ఉన్నాయి. నా నడుం నొప్పితో నేను ఒక్కటీ ఎక్కలేదు. కాని ఎలుక వేషం వేసుకున్న ఒకతను మమ్మల్ని చూసి రెండు చేతులూ చాపాడు. మా పెద్ద మనుమరాలు పరుగెత్తివెళ్ళి వాటేసుకుంది. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. మావాడు మాత్రం, 'ఈ వేషాల కోసం స్థలం పాడుచేసే బదులు ఇంకొక రైడ్ కట్టవచ్చు గదా, నాన్నా' అన్నాడు. ఆ పార్కు అభిమానులంతా రెండు పక్షాలుగా చీలి వాదించుకుంటారట!" అని చెప్పి నవ్వారు.

నేనూ నవ్వాను. కాని ఆ రాత్రి ఆ మాట నన్ను వదలలేదు. ఎందుకో చివరకు చెబుతాను.

బల్లమీద కూర్చున్న తండ్రి

ఆ పార్కుల చరిత్ర కొంచెం తెలిసికొందాం. వాటిని స్థాపించిన వాల్ట్ డిస్నీ 1901లో చికాగోలో పుట్టాడు. మిక్కీ మౌస్ అనే ఎలుక బొమ్మతో 1928లో లోకానికి పరిచయమయ్యాడు. ఆయనకు ఇద్దరు కుమార్తెలు. సెలవు దినాల్లో వారిని లాస్ ఏంజెల్స్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసికొనిపోయేవాడు. పిల్లలు రంగులరాట్నం మీద తిరుగుతుంటే, తాను ఒక బల్లమీద కూర్చుని వేరుశనగకాయలు తినేవాడు. పిల్లలకు ఆట, తండ్రికి కాపలా! తల్లిదండ్రులు, పిల్లలు కలిసి సంతోషించే చోటు ఒకటి ఉండాలి గదా అనే ఆలోచన అక్కడే కలిగిందని ఆయనే తరువాత చెప్పాడు.

కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో 160 ఎకరాల తోటలు కొని, ఒక్క సంవత్సరంలో పార్కు కట్టించి, 1955 జూలై 17న తెరిచాడు. అదే డిస్నీలాండ్. మొదటి రోజుల్లో మిక్కీ మొదలైన వేషాలు వారికి స్వంతంగా లేవు. మంచుమీద నాట్యమాడే ఒక ప్రదర్శన బృందం దగ్గర అరువు తెచ్చుకున్నారు. ఆయన 1966లో మరణించాడు. ఫ్లోరిడాలోని పార్కు 1971 అక్టోబరు 1న తెరుచుకున్నది.

చూశారా? మొదటినుండీ రెండూ ఉన్నాయి. ఎక్కే యంత్రాలూ ఉన్నాయి, ఎదురొచ్చి పలకరించే పాత్రలూ ఉన్నాయి. కాని వాటి పుట్టుకకు కారణం యంత్రం కాదు. బల్లమీద ఒంటరిగా కూర్చున్న ఒక తండ్రి మనస్సు.

రెండు పక్షాల వాదం

2009లో ఫ్లోరిడా పార్కువారు పిల్లల కథలకు సంబంధించిన భాగాన్ని విస్తరిస్తామని ప్రకటించారు. ఆ మొదటి ప్రణాళికలో రాకుమార్తెల పాత్రలను కలుసుకొనే ఇండ్లు చాలా ఉన్నాయి. అభిమానుల్లో అనేకులు సణిగారు. "ఇవన్నీ ఆడపిల్లలకే గదా! మగపిల్లల మాటేమిటి? కొత్తగా ఎక్కడానికి ఏముంది?" అన్నారు. 2011లో ప్రణాళిక మార్చారు. కొన్ని కలయిక స్థలాలు తీసివేసి, ఏడుగురు మరుగుజ్జుల గని రైలు అనే కొత్త రైడ్ చేర్చారు. అది 2014లో ప్రారంభమైనది.

అయితే ఇంకొక సంగతి కూడ జరిగింది. 1971లో పార్కుతోపాటే పుట్టిన స్నోవైట్ రైడ్ ఒకటుండేది. దానిని 2012లో మూసివేసి, ఆ స్థలంలోనే రాకుమార్తెలను కలుసుకొనే మందిరం కట్టి, 2013లో తెరిచారు. చిన్ననాట తండ్రి ఒడిలో కూర్చుని ఆ రైడ్ ఎక్కినవారు, ఇప్పుడు తమ పిల్లలను ఎక్కిద్దామంటే లేదు! వారి బాధ న్యాయమైనదే గదా.

రైడ్లు కావాలనేవారి మాటలో బలముంది. ఒక మంచి రైడ్ గంటకు వెయ్యిమందికి పైగా ఎక్కించుకుంటుంది. పాత్రల దగ్గర అలా కాదు. ఒక కుటుంబం, ఆ తరువాత మరొక కుటుంబం. ఒక్క నిమిషం పలకరింపు కోసం గంట సేపు వరుసలో నిలబడాలి. 2013లో "ఫ్రోజెన్" అనే సినిమా వచ్చిన తరువాత, అందులోని అక్కచెల్లెళ్ళ పాత్రలను కలుసుకోవడానికి తల్లిదండ్రులు పిల్లలను ఎత్తుకొని గంటల తరబడి నిలబడ్డారు. పైగా రైడ్ ముసలివారిని, పడుచువారిని ఒకే బండిలో కూర్చోబెట్టి ఒకేసారి నవ్విస్తుంది.

పలకరింపు కావాలనేవారి మాటలోనూ బలముంది. ఆ గని రైలు ఎక్కాలంటే పిల్లవాడు 38 అంగుళాల ఎత్తుండాలి. అంతకంటె చిన్నవాడు బయట నిలబడవలసిందే. కాని పాత్రను కలుసుకోవడానికి కొలబద్ద లేదు. చంకలోని బిడ్డయినా వెళ్ళవచ్చు. చక్రాల కుర్చీలోని బిడ్డయినా వెళ్ళవచ్చు. నడుం నొప్పి ఉన్న తాతగారైనా వెళ్ళవచ్చు. రైడ్ అందరికీ ఒకే విధంగా తిరుగుతుంది. పాత్ర మాత్రం మోకరించి, ఆ పిల్లవాని ఎత్తుకు దిగివస్తుంది.

కౌగిలి ఆగిపోయిన రోజులు

ఈ వాదానికి ఒక పరీక్ష వచ్చింది. కోవిడ్ వ్యాధి మూలంగా 2020 మార్చిలో పార్కులన్నీ మూతపడ్డాయి. ఫ్లోరిడాలో 2020 జూలై 11న మరల తెరిచారు. రైడ్లు తిరిగాయి. కాని కౌగిలింతలు లేవు. పాత్రలు దూరం నుండి చేతులూపుతూ సాగిపోయేవి. పిల్లలు గీత ఇవతల నిలబడి చూసేవారు. మునుపటివలె దగ్గరకు చేరి కౌగిలించుకొనుట 2022 ఏప్రిల్ 18న గాని మరల మొదలు కాలేదు.

ఆ రోజులు మనకు మాత్రం తెలియవా? మన మందిరాలు మూతపడలేదా? ప్రసంగం ఫోనులో వినిపించింది. పాట వినిపించింది. కాని ఆరాధన ముగిశాక చెయ్యి పట్టుకొని "వందనాలయ్యగారూ, ఒంట్లో బాగుందా?" అని అడిగే గొంతు లేదు. ఆ లోటు ఎంతటిదో అప్పుడే మనకు తెలిసింది.

అపొస్తలుడైన యోహాను తన మూడవ పత్రిక చివర ఏమని వ్రాశాడో తెరిచి చూడండి (3 యోహాను 13, 14). వ్రాయవలసినవి చాలా ఉన్నా సిరాతోను కలముతోను వ్రాయడం ఆయనకు ఇష్టం లేదు. త్వరలో వచ్చి ముఖాముఖిగా మాట్లాడాలని ఆశించాడు. పత్రికలు వ్రాసిన అపొస్తలుడే పత్రిక చాలదని ఒప్పుకున్నాడు!

ముసుగు లోపలి మనిషి

ఆ బొమ్మ లోపల ఉన్నది ఒక మనిషి అని మరువకూడదు. ఎండలో బరువైన వేషం వేసుకొని నవ్వించేవాడు తన కుటుంబం కోసం కూలికి వచ్చినవాడే. 2024 మే నెలలో కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో పాత్రలు ధరించేవారు, ఊరేగింపుల్లో ఆడేవారు ఓటు వేసి కార్మిక సంఘంగా ఏర్పడ్డారు. వారు సుమారు 1,700 మంది. రైడ్‌కు నూనె పోస్తే చాలు. మనిషికి జీతం కావాలి, విశ్రాంతి కావాలి, గౌరవం కావాలి. పలకరింపు ఉచితంగా వచ్చేది కాదు. ఎవరో ఒకరు అలసిపోతేనే అది మనకు అందుతుంది.

ఫ్లోరిడాలోనే ఇంకొక స్థలముంది. హెన్రీ లాండ్‌వర్త్ అనే యూదుడు చిన్నతనంలో హిట్లరు నిర్బంధ శిబిరాల్లో పడి బ్రతికి బయటపడ్డాడు. తరువాత అమెరికా వచ్చి హోటళ్ళు నడిపాడు. ప్రాణాంతక వ్యాధితో ఉన్న ఒక చిన్నపిల్ల ఆ పార్కులు చూడాలని ఆశపడింది. కాని ఏర్పాట్లు పూర్తి కాకమునుపే చనిపోయింది. ఆయన మనస్సు విరిగింది. ఇక ఏ బిడ్డకూ ఇలా ఆలస్యం జరుగకూడదని తీర్మానించుకొని, 1986లో "గివ్ కిడ్స్ ద వరల్డ్" అనే సంస్థ స్థాపించాడు. తీవ్ర వ్యాధిగల పిల్లలు తమ కుటుంబాలతో వచ్చి అక్కడ ఉచితంగా ఉంటారు. నడవలేని బిడ్డల కోసం పాత్రలే ఆ గ్రామానికి నడిచివస్తాయి. లాండ్‌వర్త్ 2018లో చనిపోయాడు గాని, ఆ గ్రామం నిలిచియున్నది.

ఆలస్యం జరుగకూడదు. ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను.

నా ఒప్పుకోలు

మొదట చెబుతానన్న సంగతి ఇదే. కొన్ని సంవత్సరాల క్రిందట మేము ప్రార్థనా మందిరం కట్టుచున్నాము. సిమెంటు, కంకర, ఇనుము, మేస్త్రీ... నా దినమంతా అక్కడే గడిచేది. ఆ మందిరానికి మొదటి కానుక ఇచ్చినది ఒక విధవరాలు. కోడిగ్రుడ్లు అమ్మి, కొంగున మూటకట్టి తెచ్చింది. స్లాబు వేసే వారంలో ఆమె జబ్బుపడింది. "అయ్యగారిని ఒక్కసారి రమ్మనండి" అని మనుమడితో కబురంపింది. "స్లాబు కాగానే వస్తానని చెప్పు నాయనా" అన్నాను. స్లాబు అయింది. దానిని నీళ్ళతో తడుపుతున్న రోజుల్లోనే ఆమె ప్రభువునందు నిద్రించింది.

ఆ మందిరంలో మొట్టమొదట జరిగినది ఆమె జ్ఞాపకార్థ కూడిక. పైకప్పు గట్టిగా ఉంది. దాని క్రింద నిలబడిన నాకు మాత్రం నోరు పెగలలేదు. నేను రైడ్ కట్టాను, పలకరింపు మరచిపోయాను.

కట్టడం తప్పా? కాదు. యెరూషలేము గోడను నెహెమ్యా యాభై రెండు దినాల్లో కట్టి ముగించాడు (నెహెమ్యా 6:15). కాని అయిదవ అధ్యాయం చదివారా? గోడ సగంలో ఉండగానే, అప్పులపాలై బిడ్డలను దాస్యానికి అప్పగించిన బీదల మొర ఆయన చెవిన పడింది. "గోడ కాగానే చూద్దాం" అనలేదు. అప్పుడే సభ కూర్చి న్యాయం తీర్చాడు. గోడ ఆగిపోలేదు, మనిషీ మిగిలాడు. కట్టేవాడికి చెవులుండాలి. నాకు ఆనాడు లేకపోయాయి.

మన ఇండ్లలో

తల్లిదండ్రులారా, ఈ వాదం మన ఇండ్లలోనూ ఉంది. పట్నం పోయిన తండ్రి సైకిలు కొని పంపుతాడు, ఫోను కొని పంపుతాడు. మంచిదే. కాని పిల్లవాడు సాయంత్రం అరుగుమీద కూర్చుని బస్సు వచ్చే దారి చూస్తాడు. హన్నా తన బిడ్డను దేవునికి అప్పగించిన తరువాత కూడ ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొని వెళ్ళేది (1 సమూయేలు 2:19). అంగీ పంపించలేదు, తానే తీసికొని వెళ్ళింది! ఆ ఏడాదికి బిడ్డ ఎంత ఎదిగాడో కళ్ళారా చూచుకొనేది.

యేసుప్రభువు దగ్గరకు పిల్లలను తెచ్చినప్పుడు శిష్యులు గద్దించారు (మార్కు 10:13-16). వారి లెక్క వారికుంది. వేలమందికి బోధించవలసిన ప్రభువుకు ఒక్కొక్క బిడ్డతో కాలయాపన ఎందుకు? కాని ప్రభువు ఆ లెక్కకు కోపపడ్డాడు. ఒక్కొక్కరిని ఎత్తి కౌగిలించుకొని, చేతులుంచి ఆశీర్వదించాడు.

ఇంకొక భేదం గమనించండి. పార్కులోని పాత్రకు ఆ బిడ్డ పేరు తెలియదు. సాయంత్రమైతే ముసుగు తీసి వెళ్ళిపోతుంది. మన దేవుడు వేషం వేసుకొని రాలేదు. వాక్యము నిజముగా శరీరధారి ఆయెను (యోహాను 1:14). శిష్యులు ఆయనను చేతులతో తాకి చూచారు (1 యోహాను 1:1). ఆయన తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుస్తాడు (యోహాను 10:3). మనకు పరలోకం నుండి ఒక యంత్రాన్ని పంపలేదు, తానే దిగివచ్చాడు.

కనుక ప్రియ చదువరీ, ఈ నెలలో ఒక పని చేయండి. మీ సంఘంలో మందిరానికి రాలేక మంచం పట్టినవారు ఎవరో ఆలోచించండి. పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళండి. ఏమీ తీసికొని వెళ్ళకపోయినా ఫరవాలేదు. ప్రక్కన కూర్చుని, చెయ్యి పట్టుకొని, పేరుపెట్టి పిలిచి ప్రార్థన చేయండి. "స్లాబు కాగానే" అనకండి.

అలా వెళ్ళే మిమ్మును ప్రభువు దీవించును గాక! ఆమేన్.