చోడవరం నుంచి వారెన్స్‌బర్గ్ దాకా: అమెరికా టికెట్ కొనే ముందు

వీసా స్టాంపింగ్ అయిపోయింది, ఐ-20 చేతిలో ఉంది, చుట్టాల ఇళ్ళకి వెళ్ళి భోజనాలు చేసి రావడం కూడా మొదలైంది. ఇక మిగిలింది టికెట్ ఒక్కటే, అది ఫోన్‌లో పది నిమిషాల పని అనుకుంటున్న వాళ్ళ కోసం ఈ ఎపిసోడ్.

మామూలుగా ఏం చేస్తాం? యాప్ తెరుస్తాం, ఇటు విశాఖపట్నం అని కొడతాం, అటు అమెరికా ఊరి పేరు కొడతాం, తక్కువ ధర అన్న చోట నొక్కుతాం. పైన వచ్చినదానికీ దాని కింద ఉన్నదానికీ ఏడెనిమిది వేలు తేడా కనిపిస్తుంది. ఇంట్లో లోన్ పెట్టి పంపిస్తున్నప్పుడు ఏడెనిమిది వేలు చిన్న డబ్బేం కాదండీ. కానీ ఆ తేడా ఎందుకొచ్చిందో తెలుసుకుని కొనాలి. చాలాసార్లు పైన కనబడేది ఒక టికెట్ కాదు. రెండు మూడు టికెట్లని యాప్ కలిపి కుట్టిన బొంత అది. మధ్యలో ఒక్క కుట్టు ఊడిందంటే మిగతా విమానాల వాళ్ళు మాకేం సంబంధం అంటారు. దాని మీద చిన్న అక్షరాల్లో 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అని ఉంటుంది. ఆ మాట కనబడితే ఆగండి. ఎందుకో చెప్తాను.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. మన చోడవరం కుర్రాడు ఒకడికి మిస్సోరి రాష్ట్రంలో వారెన్స్‌బర్గ్ అనే ఊళ్ళో సీటొచ్చింది. యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరి ఉండేది అక్కడే, తెలుగు పిల్లలు బాగా వెళ్ళే చోటు. ఇలాంటి ప్రయాణాన్ని అటు చివర నుంచి వెనక్కి ప్లాన్ చేసుకోవాలి. మనవాళ్ళు ఇటు నుంచి మొదలుపెడతారు, అక్కడే తేడా కొడుతుంది.

ముందు తేదీ. ఎఫ్-1 వీసా మీద వెళ్ళేవాళ్ళు ఐ-20 లో ఉన్న ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు అమెరికాలో అడుగు పెట్టకూడదు. ఐ-20 లో ఆగస్టు 18 అని ఉందనుకోండి, జులై 19 కంటే ముందు దిగకూడదు. టికెట్లు చవగ్గా ఉన్నాయని జులై మొదటి వారానికి కొనేస్తే ఆ డబ్బు పోయినట్టే. అలాగని చివరి రోజు దాకా కూడా ఆగొద్దు. దిగాక రూము, బ్యాంకు, ఫోను, ఓరియంటేషన్ అన్నీ ఉంటాయి.

తర్వాత ఎయిర్‌పోర్టు. వారెన్స్‌బర్గ్ వెళ్ళాలంటే మనం దిగాల్సింది కాన్సాస్ సిటీలో. పేరులో కాన్సాస్ ఉన్నా ఎయిర్‌పోర్టు ఉన్నది మిస్సోరి రాష్ట్రంలోనే, కంగారు పడకండి. దాని కోడ్ ఎంసీఐ. కాన్సాస్ సిటీకి ఈ ఎం ఎక్కడిది అంటే, మొదట్లో దాన్ని మిడ్-కాంటినెంట్ అనేవారు, ఆ పాత పేరు కోడ్‌లో ఉండిపోయింది. ఇలాంటి వాటి వల్లే ఊరి పేరు చూసి కొనొద్దు, కోడ్ చూసి కొనండి అంటాను. కొలంబస్ ఒహాయోలోనూ ఉంది, జార్జియాలోనూ ఉంది. పోర్ట్‌లాండ్ ఈ తీరంలో ఒకటి, ఆ తీరంలో ఒకటి. యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ పేజీలో ఏ ఎయిర్‌పోర్టుకి రావాలో రాసి ఉంటుంది, అది చూసి ఆ కోడే కొట్టండి.

ఒకే నగరంలో రెండు మూడు ఎయిర్‌పోర్టులు ఉండటం ఇంకో చిక్కు. షికాగోలో ఓహేర్, మిడ్‌వే. డాలస్‌లో డీఎఫ్‌డబ్ల్యూ, లవ్ ఫీల్డ్. హ్యూస్టన్‌లో బుష్, హాబీ. న్యూయార్క్ వైపు జేఎఫ్‌కే, లగ్వార్డియా, నెవార్క్ మూడు. చవక టికెట్లో జేఎఫ్‌కేలో దింపి లగ్వార్డియాలో ఎక్కమంటాడు. అంటే రెండు పెద్ద సూట్‌కేసులు ఈడ్చుకుంటూ, అమెరికాలో మొదటి రోజే, సిటీ ట్రాఫిక్‌లో టాక్సీ. అలాంటిది వద్దే వద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. మనం అమెరికాలో ఏ ఎయిర్‌పోర్టులో మొదట దిగితే అక్కడే ఇమిగ్రేషన్. చివరి ఊళ్ళో కాదు. మన కుర్రాడు షికాగోలో దిగి కాన్సాస్ సిటీ విమానం ఎక్కాలనుకోండి. షికాగోలో లైన్లో నిలబడాలి, ఆఫీసర్ అడిగినవాటికి చెప్పాలి, వేలిముద్రలు ఇవ్వాలి. తర్వాత బెల్టు దగ్గరికి వెళ్ళి తన సూట్‌కేసులు తనే తీసుకోవాలి. బ్యాగు మీద కాన్సాస్ సిటీ ట్యాగ్ ఉన్నా సరే, మామూలుగా తీసుకోవాల్సిందే. వాటితో కస్టమ్స్ దాటి బయటికొచ్చి, పక్కనే ఉండే కౌంటర్లో మళ్ళీ అప్పగించాలి. అప్పుడు ఎయిర్‌పోర్టులో తిరిగే చిన్న ట్రైన్ ఎక్కి వేరే టెర్మినల్‌కి. ఓహేర్‌లో చాలా విదేశీ విమానాలు ఐదో టెర్మినల్‌కి వస్తాయి, యునైటెడ్ లోకల్ విమానాలు ఒకటో టెర్మినల్ నుంచి, అమెరికన్‌వి మూడో టెర్మినల్ నుంచి. అక్కడ మళ్ళీ సెక్యూరిటీ చెక్, ఆ తర్వాతే గేటు.

ఇదంతా గంటన్నరలో అయిపోతుందా? లైన్ చిన్నగా ఉంటే అవుతుంది. ఆగస్టులో ప్రపంచం నలుమూలల నుంచి స్టూడెంట్లు ఒకేసారి దిగుతారు. ఒక్కోసారి ఆఫీసర్ ఇంకొంచెం వివరాలు కావాలని పక్క గదిలో కూర్చోబెడతాడు, దాన్ని సెకండరీ అంటారు. అది తప్పు చేసినందుకు కాదు, భయపడొద్దు, కానీ అక్కడ మన విమానం టైమ్ ఎవరూ చూడరు. అందుకే మొదట దిగే ఎయిర్‌పోర్టులో కనీసం 3 గంటలు ఉండేలా చూసుకోండి. 4 గంటలున్నా నేను తప్పనను. యాప్ గంటన్నర కనెక్షన్ కూడా అమ్ముతుంది, రూల్ ప్రకారం అది చెల్లుతుంది కాబట్టి.

ఇక్కడే ఒకే టికెట్ విలువ తెలుస్తుంది. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్ఆర్ కింద ఉంటే, షికాగోలో లేటై కాన్సాస్ సిటీ విమానం వెళ్ళిపోయినా ఎయిర్‌లైన్ వాళ్ళే తర్వాతి విమానంలో సీటు చూస్తారు. ఆ కనెక్షన్ వాళ్ళు అమ్మిందే కదా. అదే షికాగో నుంచి కాన్సాస్ సిటీ విడిగా కొన్నారనుకోండి, మీరు రాలేదు, టికెట్ పోయింది. అప్పటికప్పుడు కౌంటర్లో కొనాలంటే రేటు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పైగా విడి టికెట్ మీద అమెరికా లోపల బ్యాగుకి వేరే డబ్బు. మొదటి బ్యాగుకే డబ్బు కట్టాలి, రెండోదానికి ఇంకా ఎక్కువ. రెండు బ్యాగులు ఫ్రీ అని పేరున్న సౌత్‌వెస్ట్ కూడా 2025 మే 28 నుంచి చాలా టికెట్ల మీద వసూలు చేస్తోంది. ఫ్రాంటియర్ లాంటి వాటిలో పైన అరలో పెట్టే బ్యాగుకి కూడా డబ్బే. యాప్‌లో మిగిలిన ఏడెనిమిది వేలు ఇక్కడే కరిగిపోతాయి.

మధ్యలో ఇంకో దేశంలో మారేటప్పుడు కూడా ఇదే లెక్క. ఒకే టికెట్ అయితే బ్యాగు దానంతట అది వెళ్తుంది, మనం లోపలే ఒక గేటు నుంచి ఇంకో గేటుకి నడుస్తాం. రెండు టికెట్లయితే బ్యాగు తీసుకోడానికి ఆ దేశంలోకి అడుగు పెట్టాలి, దానికి వాళ్ళ వీసా కావాలి. అది లేకపోతే ఇక్కడ హైదరాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వకపోవచ్చు. ఒకే టికెట్ అయినా కొన్ని దేశాల్లో ట్రాన్సిట్ వీసా రూల్స్ ఉంటాయి, కాబట్టి కొనేముందు ఆ దేశం ఎంబసీ సైట్ ఒకసారి చూడండి.

ఈ ఇమిగ్రేషన్ గొడవకి ఒక మంచి దారి ఉంది. అబుదాబి ఎయిర్‌పోర్టులో 2014 నుంచి అమెరికా వాళ్ళ ఇమిగ్రేషన్ ఆఫీసు ఉంది. అక్కడి నుంచి అమెరికా వెళ్ళే విమానం ఎక్కేముందే చెకింగ్ మొత్తం అయిపోతుంది. షికాగోలో దిగేటప్పటికి మీరు లోకల్ ప్యాసింజర్ లెక్క. ఐర్లండ్‌లో డబ్లిన్, షానన్‌లలో కూడా ఇలాగే ఉంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి, ముఖ్యంగా అమ్మానాన్నల్ని ఒంటరిగా పంపేవాళ్ళకి, ధర కొంచెం ఎక్కువైనా ఈ దారి బాగుంటుందని నా అభిప్రాయం. కాకపోతే అబుదాబిలో ఆ లైన్ కోసం టైమ్ ఉంచుకోవాలి. అక్కడ గంటన్నర కనెక్షన్ పెట్టుకుంటే సమస్య ఇటు నుంచి అటు మారింది, అంతే.

డైరెక్ట్ అన్నా నాన్‌స్టాప్ అన్నా ఒకటే అనుకుంటారు చాలామంది. డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబర్ మారదు, మధ్యలో ఆగొచ్చు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలం మన విమానాలకి మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే కొన్ని ఎయిర్ ఇండియా విమానాలు ఇంధనం కోసం యూరప్‌లో దిగాల్సి వచ్చింది. కాబట్టి ఎన్ని స్టాపులు, మొత్తం ఎన్ని గంటలు అన్నది చూడండి.

ఇప్పుడు ఇటు చివర, మన ఊరు. విశాఖ నుంచి అమెరికాకి నేరుగా విమానం లేదు. హైదరాబాదో ఢిల్లీయో వెళ్ళాలి. ఇక్కడ మనవాళ్ళు చేసే పని, హైదరాబాద్ నుంచి అమెరికాకి ఒక టికెట్, వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి విడిగా ఇంకో చవక టికెట్. అమెరికా టికెట్ మీద చాలా ఎయిర్‌లైన్స్ 23 కిలోలవి రెండు బ్యాగులు ఇస్తాయి, అంటే 46 కిలోలు. మన దేశం లోపలి టికెట్ మీద మామూలుగా 15 కిలోలు. మిగతా 31 కిలోలకి వైజాగ్ కౌంటర్లో కిలో లెక్కన కట్టాలి. అదే వైజాగ్ నుంచి కాన్సాస్ సిటీ దాకా ఒకే టికెట్ అయితే మామూలుగా ఆ 46 కిలోలూ ఇక్కడి నుంచే వర్తిస్తాయి. బ్యాగేజీ అలవెన్స్ అన్న లైన్‌లో ప్రతి విమానానికీ ఎంత రాశాడో చూసుకోండి.

విమానం వద్దు, రైల్లో వెళ్తాం అంటారా? భేషుగ్గా వెళ్ళొచ్చు. సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారి సికింద్రాబాద్, లేదంటే 2023 జనవరిలో మొదలైన వందే భారత్. కానీ అప్పుడు టికెట్ హైదరాబాద్ నుంచే కొనండి. వైజాగ్ నుంచి కొని, మొదటి విమానం వదిలేసి, శంషాబాద్‌లో ఎక్కుదాంలే అనుకుంటే కుదరదు. మొదటి విమానానికి రాకపోతే ఆ టికెట్లో మిగతావన్నీ ఎయిర్‌లైన్ రద్దు చేస్తుంది. శంషాబాద్ కౌంటర్లో నిలబడి ఎంత బతిమాలినా కొత్త టికెట్ కొనమంటారు. రైలైతే ఒక రోజు ముందే చేరుకోండి, వానల్లో రైళ్ళు గంటల తరబడి ఆగిన రోజులు మనకి తెలియనివి కావు.

వైజాగ్ నుంచే విమానం అయితే, అది పాత ఎయిర్‌పోర్టు నుంచో భోగాపురం నుంచో టికెట్ మీద చూసుకోండి. చోడవరం నుంచి భోగాపురం అంటే సిటీ దాటి విజయనగరం వైపు ఇంకా పైకి వెళ్ళాలి. కారు మాట్లాడుకునేటప్పుడే ఆ లెక్క వేసుకోవాలి.

తేదీల దగ్గర ఇంకొక్క మాట. హైదరాబాద్ నుంచి గల్ఫ్ వెళ్ళే విమానాలు చాలావరకు తెల్లవారుజామునే. టికెట్ మీద ఆగస్టు 5, 03:50 అని ఉంటే, ఆగస్టు 4 రాత్రికే మీరు శంషాబాద్‌లో ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్ళు 5వ తేదీ ప్రయాణం అని చెప్పుకుంటూ ఉంటారు, 5వ తేదీ పొద్దున్న లేచేసరికి విమానం గల్ఫ్‌లో దిగిపోయి ఉంటుంది. టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి టైమే. వేసవిలో షికాగో మనకంటే పదిన్నర గంటలు వెనక, నవంబర్ నుంచి మార్చి దాకా పదకొండున్నర.

పేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో టికెట్లో సర్‌నేమ్ అదే. ఇంటిపేరుని ఒక అక్షరానికి కుదించొద్దు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్ళు టికెట్ కొనేముందు ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి ఎలా కొట్టాలో అడగండి. అమెరికా వీసాలో అలాంటివాళ్ళకి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు, అది మీ పేరనుకోవద్దు.

కొన్నాక తప్పు కనబడితే? అమెరికా రూల్ ప్రకారం, ప్రయాణానికి 7 రోజులు లేదా అంతకంటే ముందు ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొన్న టికెట్‌ని 24 గంటల్లోపు డబ్బు పోకుండా రద్దు చేసుకునే వీలు ఉండాలి. కొన్ని ఎయిర్‌లైన్స్ దాని బదులు డబ్బు కట్టకుండా 24 గంటలు రేటు పట్టి ఉంచుతాయి. ఏజెంట్ దగ్గరో యాప్‌లోనో కొంటే ఆ రూల్ వాళ్ళకి వర్తించదు. నేనైతే యాప్‌లో వెతుకుతాను, ఎయిర్‌లైన్ సైట్లో కొంటాను.

బ్యాగుల గురించి వేరే ఎపిసోడ్ చేద్దాం, ఇప్పటికి రెండు ముక్కలు. అనకాపల్లి బెల్లం, ఆవకాయ చెక్-ఇన్ బ్యాగులో పెట్టి, తినే వస్తువులున్నాయని కస్టమ్స్ వాళ్ళకి చెప్పండి. చెప్తే చూసి వదిలేస్తారు లేదా తీసేసుకుంటారు, దాచిపెడితే జరిమానా. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. పచ్చి కరివేపాకు అసలు వద్దు, నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు దాని మీద వస్తుందని అక్కడ నిషేధం. పాస్‌పోర్టు, ఐ-20, సెవిస్ ఫీజు రసీదు, అడ్మిషన్ లెటర్, బ్యాంకు కాగితాలు మాత్రం చేతి బ్యాగులోనే. పవర్ బ్యాంక్ కూడా అందులోనే.

ఇక కాన్సాస్ సిటీలో దిగాక వారెన్స్‌బర్గ్‌కి రోడ్డు మీద గంటకు పైగా పడుతుంది. రాత్రి పదకొండుకి దిగే విమానం కొంటే ఆ టైమ్‌లో తీసుకెళ్ళేవాళ్ళు దొరకడం కష్టం. యూనివర్సిటీ పికప్ ఏ రోజుల్లో, ఏ గంటల్లో ఉందో, అక్కడి తెలుగు సీనియర్లు ఎవరైనా వస్తారో ముందే మెయిల్ పెట్టి కనుక్కోండి. ఆ జవాబు వచ్చాకే యాప్ తెరవండి.