ఎర్ర గుడ్డ వెనుక కథ

ఎర్ర గుడ్డ చూపిస్తే ఎద్దు మీదికొస్తుందని మనమంతా చిన్నప్పటి నుంచి వింటున్నాం. నిజానికి ఎరుపు రంగు పశువుల కంటికి మనకు కనిపించినట్టు కనిపించదు. ఎద్దు దూకేది గుడ్డ కదలికను చూసే. మరి ఎరుపే ఎందుకు? నెత్తుటి మరకలు కొట్టొచ్చినట్టు కనపడకుండా ఉండటానికని చెబుతారు. ఈ ఒక్క సంగతి తెలిశాక స్పెయిన్ దేశపు ఎద్దుల పోరు గురించి ఇంకా తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నది మన హాస్టల్ మిత్రులతో పంచుకుంటున్నాం.

పోరు ఎలా సాగుతుంది?

స్పెయిన్‌లో దీన్ని 'కొరీదా' అంటారు. ఎద్దుల పోరు అంటున్నాం గానీ, బరిలోకి వచ్చేది కాడి మోసే ఎద్దు కాదు, విత్తులు కొట్టని కోడె. ఇందుకోసమే ఒక జాతిని విశాలమైన బీళ్లలో స్వేచ్ఛగా పెంచుతారు. నాలుగేళ్లు దాటి, సుమారు 500 కిలోల బరువుకు వచ్చాక బరిలోకి వదులుతారు. సాధారణంగా ఒక సాయంత్రం ముగ్గురు మాటడోర్లు ఆరు కోడెలతో తలపడతారు. ఒక్కోదానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది.

ఇందులో మూడు అంకాలుంటాయి. మొదటి అంకంలో గుర్రం మీద వచ్చిన పికడోర్ బల్లెంతో కోడె మెడ వెనుక కండలో పొడుస్తాడు. దాంతో మెడ సత్తువ తగ్గి తల కిందికి దిగుతుంది. రెండో అంకంలో రంగు కాగితాలు చుట్టిన, కొనకు కొక్కెం ఉన్న పుల్లలను జతలు జతలుగా దాని మూపులో గుచ్చుతారు. మూడో అంకంలో మాటడోర్ ఒక్కడే ఎర్ర గుడ్డ, కత్తి పట్టుకుని నిలబడతాడు. కొమ్ములు ఒంటిని రాసుకుపోయేంత దగ్గరగా కోడెను తిప్పి తిప్పి, చివరకు భుజాల మధ్య కత్తి దింపుతాడు. బాగా ఆడాడనుకుంటే జనం తెల్ల రుమాళ్లు ఊపుతారు. అప్పుడు చనిపోయిన కోడె చెవి కోసి అతనికి బహుమానంగా ఇస్తారు. కోడె పౌరుషాన్ని మెచ్చి ప్రాణాలతో వదిలేయడం చాలా అరుదు.

మనిషికీ ప్రాణభయం లేకపోలేదు. 1947లో మనొలేతే అనే ప్రఖ్యాత మాటడోర్ కొమ్ము పోటుకు చనిపోయాడు. 2016లో విక్టర్ బారియో అనే యువకుడు టీవీలో జనం చూస్తుండగానే బలయ్యాడు.

దొరల ఆట పేదవాడి చేతికి

మొదట్లో ఇది గుర్రాలెక్కిన ప్రభువుల వినోదం. సామాన్యులు కింద నిలబడి సాయం చేసేవారు. 18వ శతాబ్దంలో కొత్త రాజవంశానికి ఈ ఆట నచ్చకపోవడంతో ప్రభువులు తప్పుకున్నారు. కింద ఉన్నవాళ్లే ముందుకొచ్చి కాలినడకన ఆడటం మొదలుపెట్టారు. రోండా పట్టణానికి చెందిన పెద్రో రొమేరో తన జీవితంలో 5,000కు పైగా కోడెలను చంపాడని చెబుతారు.

అప్పటి నుంచి పేద ఇళ్ల కుర్రాళ్లకు ఈ బరి ఒక నిచ్చెన అయింది. కటిక పేదరికంలో పెరిగిన మనుయెల్ బెనితెస్ 1960లలో 'ఎల్ కొర్దొబెస్' పేరుతో దేశమంతా మారుమోగాడు, ధనవంతుడయ్యాడు. చిత్రకారుడు గోయా 1816లో ఈ పోరు మీద చిత్రాల వరుసే ప్రచురించాడు. కాబట్టి ఎందరో స్పెయిన్ వాసులకు ఇది ఒక కళ. అందుకే దీన్ని వదులుకోవడం వారికి అంత తేలిక కాదు.

వివాదం

వ్యతిరేకత నిన్న మొన్నటిది కాదు. 1567లోనే పోప్ ఐదవ పయస్ దీన్ని నిషేధించాడు. ఆ ఆజ్ఞ స్పెయిన్‌లో నిలవలేదు. ఇటీవలి కాలంలో 1991లో కెనరీ దీవులు, 2010లో కాటలోనియా చట్టాలతో ఆపాయి. 2011 సెప్టెంబరులో బార్సిలోనాలో చివరి పోరు జరిగింది. కానీ 2013లో స్పెయిన్ పార్లమెంటు దీన్ని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. 2016లో రాజ్యాంగ న్యాయస్థానం కాటలోనియా నిషేధాన్ని కొట్టేసింది. అయినా అక్కడ పోరు మళ్లీ మొదలవలేదు. 2024లో స్పెయిన్ సాంస్కృతిక శాఖ ఈ రంగానికిచ్చే జాతీయ బహుమతిని రద్దు చేసింది. అదే ఏడాది కొలంబియా 2027 నుంచి అమలయ్యేలా నిషేధ చట్టం చేసింది.

సమర్థించేవారు అడిగే ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. కబేళాకు పోయే పశువు ఇరుకు కొట్టంలో పెరిగి చిన్న వయసులోనే చస్తుంది, మా కోడె నాలుగేళ్లు స్వేచ్ఛగా బతుకుతుంది, ఏది క్రూరం అంటారు. వ్యతిరేకుల జవాబు ఇది: తిండి కోసం చంపడం వేరు, చావునే టికెట్టు పెట్టి చూపించడం వేరు.

మేమనుకునేది

'తాతల నాటి నుంచి వస్తోంది' అనేది సమర్థించేవారి పెద్ద వాదన. కానీ తాతల నాటి ఆట ఎప్పుడో మారింది. ఒకప్పుడు పికడోర్ల గుర్రాలు కొమ్ము పోట్లకు పొట్టలు చీలి బరిలోనే చచ్చేవి. 1928లో గుర్రాలకు దళసరి కవచం తప్పనిసరి చేశారు. దాన్ని తీసేసి పాత సంప్రదాయాన్ని నిలబెట్టమని ఇవాళ ఎవరూ అడగరు. అంటే సంప్రదాయంలో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో మనుషులే నిర్ణయిస్తున్నారన్నమాట.

ఈ మాట మనకు బాగా తెలియాలి. పశువునూ మనిషినీ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. కానీ మన తాతలకు ఊరి బావి దూరమైంది, బడి గడప దూరమైంది, హోటల్లో గ్లాసు వేరైంది, అంతా ఆచారం పేరుతోనే. ఆ ఆచారాన్ని ఎవరో ఒకరు నిలదీశారు కాబట్టే ఇంటి మొత్తానికి మొదటి డిగ్రీ తెచ్చిన మేము ఈ పత్రికకు రాయగలుగుతున్నాం.

కాబట్టి మిత్రులారా, ఏ దేశంలోనైనా 'ఇది మా సంప్రదాయం' అని ఎవరన్నా అంటే, ఎంత పాతదని మాత్రమే అడగవద్దు. దాని నొప్పి ఎవరు భరిస్తున్నారని కూడా అడగండి. ఆ పోరు ఆగిన రోజున, దాని మీదే బతికే పశువుల కాపరికీ పేద కుర్రాడికీ వేరే దారి ఏమిటని కూడా అడగండి. ఈ రెండు ప్రశ్నలూ కలిపి అడిగితేనే న్యాయం.