ఫలక్‌నుమా భాగ్యచక్రము

గుంటూరు మీదుగా పోవు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌ను మన విద్యార్థులలో ఎరుగనివారుండరు. ఆ పేరుగల మహలు చరిత్ర నెరిగినవారు మాత్రము కొద్దిమందియే. పారసీక భాషలో ఫలక్ అనగా ఆకాశము, నుమా అనగా చూపునది. హైదరాబాదులో కొండపై దీనికి 1884లో పునాది వేసినవాడు పైగా వంశీయుడు నవాబు వికారుల్ ఉమ్రా. ఇటలీ పాలరాయి, 101 మంది ఒక్కసారి భుజింపగల బల్ల! ఆ వైభవము నవాబును అప్పులపాలు చేసెను. కట్టినవాడే భరింపలేక ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు అప్పగించెను. ఆ ప్రభువు 1911లో ఇచ్చటనే కన్నుమూసెను. తరువాత అది అతిథిగృహముగా మిగిలెను. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బసచేసిన పిమ్మట తలుపులు మూతపడెను. తాజ్ సంస్థ కౌలునకు తీసుకొని, ఏండ్ల తరబడి మరమ్మతులు చేయించి, 2010లో హోటలుగా తెరచెను. మహలు హోటలైనదని చింతించువారున్నారు. కూలిపోవుటకంటె అదియే మేలు. 2017లో భారత ప్రధాని విదేశీ అతిథులకు విందు చేసినది ఆ బల్లవద్దనే.