గ్లాసులో ఏముంది? – మన వీధిలోని కొరియా జ్యూసుల సంగతి

మన కాలేజీ వెనక వీధిలో కొరియా తరహా జ్యూస్ షాపు తెరిచి మూడు నెలలు కావస్తోంది. ఆఖరి క్లాసు అయ్యాక మనలో సగంమంది అక్కడే ఉంటారని డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. గోడమీద పెద్ద అక్షరాలతో ‘ఫ్రెష్ – హెల్దీ’ అని రాశారు. ఫ్రెష్ అంటే ఇప్పుడే తీసింది. హెల్దీ అంటే ఒంటికి మంచిది. ఈ రెండూ ఒకటే అనుకుని మా హాస్టల్ గదిలో ఒకమ్మాయి మధ్యాహ్నం అన్నం మానేసి అక్కడి ఎర్ర జ్యూసుతో సరిపెట్టుకోవడం మొదలుపెట్టింది. అందుకే ఇది రాస్తున్నాను. మెనూలో ఉన్నవి చాలావరకు తాగి చూశాను, కౌంటరు దగ్గరి అక్కని ప్రశ్నలతో విసిగించాను, మిగతాది లైబ్రరీలో చూసుకున్నాను.

చెన్నైకి కొరియా తిండి సీరియళ్ళతో రాలేదు, కార్లతో వచ్చింది. హ్యుందాయ్ వాళ్ళ ఇండియా కంపెనీ 1996లో మొదలై, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఫ్యాక్టరీ కట్టి, 1998లో శాంత్రో కారు తెచ్చింది. దాంతోపాటు ఆ దేశం ఇంజనీర్లు, వాళ్ళ కుటుంబాలు, వాళ్ళకోసం హోటళ్ళు, కిరాణా కొట్లు వచ్చాయి. అనంతపురం వైపు చుట్టాలున్నవాళ్ళకి పెనుకొండ కియా ఫ్యాక్టరీ సంగతి తెలిసే ఉంటుంది, అక్కడా ఇదే కథ. సీరియళ్ళు చూసి మనం వెళ్ళడం తర్వాతి మాట.

ముందు ఆ ఎర్ర జ్యూసు. పేరు ఏబీసీ, అంటే ఆపిల్, బీట్‌రూట్, క్యారెట్. కొరియాలోనూ బాగానే తాగుతారు గానీ ఇది వాళ్ళ పాతకాలపు పానీయమేమీ కాదు. కొరియాతనం ఉన్నది ఆ మిషన్లో. మన మిక్సీ బ్లేడు నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. ఆ మిషన్లో బ్లేడు ఉండదు, మరలాంటి కడ్డీ నిమిషానికి నలభై యాభైసార్లు మెల్లగా తిరుగుతూ పండుని నొక్కుతుంది. చెరకు రసం బండి గుర్తుచేసుకోండి, అదే పద్ధతి. ఈ రకం జ్యూసర్లని లోకమంతా అమ్మినవాళ్ళలో హురోమ్ అనే కొరియా కంపెనీది పెద్ద పేరు. నురగ తక్కువ, రసం చిక్కగా వస్తుంది, రంగు తొందరగా మారదు. అంతవరకు నిజం. కానీ ఒక గొట్టంలోంచి రసం గ్లాసులోకి వస్తుంటే రెండో గొట్టంలోంచి పిప్పి బకెట్లోకి పోతుంది. పీచుపదార్థం చాలావరకు ఆ బకెట్లోనే ఉంది. దాన్ని ఏం చేస్తారని అడిగితే పారేస్తామని చెప్పింది అక్క. నాకు ప్రాణం ఉసూరుమంది.

పీచు పోయాక మిగిలేది నీళ్ళు, రంగు, కొన్ని విటమిన్లు, చక్కెర. బోర్డుమీద ‘చక్కెర కలపలేదు’ అని ఉంది, అబద్ధం కాదు. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో పళ్ళరసంలోని చక్కెరనీ, తేనెనీ కూడా విడి చక్కెర లెక్కలోనే వేశారు. పండు కొరుక్కు తింటే ఆ లెక్కలోకి రాదు. రోజుకి రెండువేల క్యాలరీలు తినే మనిషికి ఆ విడి చక్కెర 50 గ్రాములు దాటకూడదు, 25 లోపల ఉంటే ఇంకా మంచిది. రెండు ఆపిళ్ళు పోసి తీసిన ఒక్క పెద్ద గ్లాసుతోనే 25 గ్రాములు అయిపోవచ్చు. రెండు ఆపిళ్ళు కూర్చుని తినమంటే మనం ఒకటిన్నర దగ్గరే ఆపేస్తాం. తాగమంటే రెండు నిమిషాల పని.

మా గది అమ్మాయి అది చక్కెర కోసం తాగలేదు, రక్తం కోసం తాగింది. మెడికల్ క్యాంపులో హిమోగ్లోబిన్ 9 అని వచ్చింది. మన వయసు ఆడపిల్లలకి 12 కన్నా తక్కువైతే రక్తహీనత కిందే లెక్క. అదేదో అరుదైన జబ్బు అనుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఈ కాగితం ముందు నిలబడి చదువుతున్న పదిమందిలో అయిదారుగురు అన్నమాట. బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందని ఇంట్లో అమ్మమ్మలు కూడా అంటారు. ఆ ఎరుపు బీటానిన్ అనే రంగుపదార్థానిది, దానికీ ఇనుముకీ సంబంధం లేదు. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము లోపే. మనకి రోజుకి కావలసింది 29 మిల్లీగ్రాములని మన దేశపు పోషకాహార సంస్థ లెక్క. నూట అరవై రూపాయలిచ్చి ఒక మిల్లీగ్రాము తాగి, హాస్టల్లో పెట్టే పప్పు, ఆకుకూర వదిలేస్తే నష్టమే ఎక్కువ. ఈ లెక్క మేమిద్దరం కలిసి కాగితం మీద వేశాం. డాక్టరమ్మ రాసిన ఇనుము మాత్రలు డ్రాయరులో అలాగే ఉన్నాయి, అవి బయటికొచ్చాయి. వాటిని కాఫీతో వేసుకోకూడదు, కాఫీ టీలు ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. నిమ్మకాయ నీళ్ళతోనో, ఒక జామకాయతోనో అయితే విటమిన్ సి వల్ల బాగా పడుతుంది.

ఇక అసలైన కొరియా పానీయాలు మెనూలో కింద, చిన్న అక్షరాల్లో ఉంటాయి. మనవాళ్ళు అక్కడిదాకా చదవరు.

యుజాచా మొదటిది. యుజా అనేది ఆ దేశం దక్షిణాన పండే ఒక నిమ్మజాతి కాయ. తొక్కతో సహా సన్నగా తరిగి, దాదాపు అంతే బరువు చక్కెర వేసి జాడీలో పెడతారు. మాగాయకి ఉప్పు వేస్తే ఊట ఊరినట్టే, చక్కెరకి రసం ఊరి పాకం అవుతుంది. దీన్ని చోంగ్ అంటారు. పచ్చి రేగడి పండ్లతో చేసేది కాదు గానీ, మేసిల్ అనే పుల్లటి పచ్చికాయలతో చేసే చోంగ్ ఇంకొకటి ఉంది, దాన్ని మూడునెలలకి పైగా ఊరనిస్తారు. వాసన అద్భుతం, గొంతు నొప్పిగా ఉన్నప్పుడు వేడివేడిగా తాగితే హాయి. కానీ చక్కెర అక్కడ ఉన్నది కాయ చెడిపోకుండా కాపాడడానికి. గ్లాసులో 60 గ్రాముల చోంగ్ వేస్తే సుమారు 30 గ్రాములు చక్కెరే, అంటే ఏడు టీస్పూన్లు. సగమే వెయ్యమని అడగండి, వేస్తారు. రుచి ఏమీ తగ్గదు, నిజానికి పులుపు అప్పుడే తెలుస్తుంది.

రెండోదాని పేరు మిసుత్‌గారు. పేరు వినగానే మా బెంచీ అంతా నవ్వింది. మర్యాద కోసం పెట్టింది కాదు, కొరియా భాషలో ‘గారు’ అంటే పొడి. (అమ్మని వాళ్ళూ ‘ఒమ్మా’ అంటారని చూపించి రెండు భాషలూ చుట్టాలనేవాళ్ళున్నారు. హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియా భాషనీ ద్రావిడ భాషల్నీ పోల్చి వ్యాకరణం రాశాడు. భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. సెమినారుకి మంచి విషయమే.) బార్లీ, బియ్యం, నల్ల సోయాచిక్కుళ్ళు, నువ్వులు లాంటివి వేయించి విసిరిన పిండిని చల్లటి పాలలో కలుపుతారు. ఇక్కడి సత్తుమావుకి అక్కచెల్లెలు. తొలి ఏకాదశికి బెల్లంతో తినే పేలపిండికి దూరపు చుట్టం. ఇందులో గింజ మొత్తం ఉంది, పీచు ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి. ఆ షాపులో భోజనం దరిదాపుల్లోకి వచ్చేది ఇదొక్కటే. తేనె వద్దని ముందే చెప్పాలి.

నాకు బాగా నచ్చింది మూడోది, షిక్‌హ్యే. అడుగున నాలుగు మెతుకులు తేలుతూ పలచని తీపి నీళ్ళు. చూడ్డానికి గంజిలా ఉందని ఎవరూ కొనరు. బార్లీని మొలకెత్తించి ఎండబెట్టి దంచిన పిండిని నీళ్ళలో నానబెట్టి, పైన తేరిన నీళ్ళు ఉడికిన అన్నంలో పోస్తారు. దాన్ని 60 డిగ్రీల వేడిలో నాలుగైదు గంటలు ఉంచుతారు. మొలకెత్తే గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది, అది అన్నంలోని పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా విడగొడుతుంది. అన్నం నమిలేకొద్దీ తియ్యబడుతుందే, అదే పని. వేడి బాగా ఎక్కువైతే ఎంజైమ్ చచ్చిపోతుంది, తక్కువైతే పులుస్తుంది. అందుకే వాళ్ళు రైస్ కుక్కర్‌ని ‘వార్మ్’లో పెట్టి వదిలేస్తారు. మెతుకులు పైకి తేలితే అయినట్టు గుర్తు. అప్పుడు అల్లం, ఇంకొంచెం చక్కెర వేసి మరిగించి చల్లారుస్తారు. ఇదీ తీపే, రోజూ తాగేది కాదు, పండగ భోజనం తర్వాత చిన్న గిన్నెలో ఇచ్చేది.

మొలకెత్తిన రాగుల పిండితో కాచిన జావ మామూలు పిండి జావకన్నా పలచగా ఎందుకుంటుందో మా నాయనమ్మని అడిగితే “మొలకొచ్చినాక పిండికి బలం పోతాది, మనకొస్తాది” అంది. పిండిని విడగొట్టేది అక్కడా ఆ అమైలేజే. పైగా మొలకెత్తినప్పుడు ఇనుముని పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది, అంటే రక్తం తక్కువగా ఉన్నవాళ్ళకి రాగి మాల్ట్ ఆ ఎర్ర జ్యూసుకన్నా చాలా మేలు. వంద గ్రాముల రాగుల్లో ఇనుము నాలుగు మిల్లీగ్రాములకి పైనే. ఆ మాట కౌంటరు అక్కతో అంటే, మీ పిండి ఒక డబ్బా తెచ్చివ్వు, చేసి చూస్తానంది.

షిక్‌హ్యే తాగాలనుకునేవాళ్ళు శనివారం వెళ్ళండి. వారానికి ఒక్క కుక్కరే చేస్తారు, నాలుగు గంటలకల్లా అయిపోతుంది.